మూల దగ్గర ఉలి, మధ్యలో యంత్రం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాలుగు మాటలు మాట్లాడమని కార్యవర్గంవారు అడిగినప్పుడు, ఏ విషయం మీద మాట్లాడమంటారని నేను అడిగాను. “మీకు తెలిసిన పని మీదనే మాట్లాడండి, మన పిల్లలకు పనికొచ్చేది చెప్పండి” అన్నారు. నాకు తెలిసింది కొయ్యపని. అందులో కూడా చెక్కలో చెక్కను, చెక్కలో ఇత్తడిని పొదిగే పని. కనుక ఈ రోజు ఆ ఒక్క పని గురించే, అందులోనూ సి.ఎన్.సి. యంత్రంతో గుంట కోసే పద్ధతుల గురించే మనవి చేస్తాను. విషయం చిన్నదే. అయితే దీని చుట్టూ చాలా ఇళ్ళ రోజీ ముడిపడి ఉన్నది కాబట్టి కాస్త ఓపికగా వినవలసిందిగా ప్రార్థన.

ముందు గుంట అంటే ఏమిటో చెప్పుకుందాం. టేకు పలక మీద జిట్రేగి చెక్కతో ఒక నక్షత్రం పొదగాలి. పలకలో నక్షత్రం ఆకారంలో లోతు తీయాలి. దాన్నే గుంట అంటున్నాను. పని షాపుల్లో ‘పాకెట్’ అంటారు. ఆ గుంటలో సరిగ్గా కూర్చునేలా జిట్రేగి ముక్క కోయాలి. దాన్ని బిళ్ళ అందాం. గుంటకూ బిళ్ళకూ మధ్య గీత కనిపించకూడదు. పని అంతా ఇంతే. చెప్పడానికి రెండు మాటలు, చేయడానికి ఒక జీవితం.

ఈ పని మనకు కొత్త కాదు. బీదరులో, మన హైదరాబాదులో బిద్రీ పనివారు ఏం చేస్తారు? జింకు ఎక్కువగా, రాగి కొద్దిగా కలిపి పోసిన పాత్రను ముందు మైలతుత్తంతో రుద్ది నల్లబరుస్తారు. ఆ నలుపు మీద గీసిన గీత తెల్లగా కనిపిస్తుంది. ఆ గీత వెంట ఉలితో గాడి తీసి, అందులో వెండి తీగను సుత్తితో కొట్టి కూర్చోబెడతారు. జిగురు ఉండదు. గాడే వెండిని పట్టుకుంటుంది. చివరకు బీదరు కోట మట్టితో పాత్రను శాశ్వతంగా నల్లబరుస్తారు. ఆ పనిలో ఉస్తాదు అయిన షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆగ్రాలో తాజ్‌మహల్ గోడల మీద పాలరాతిలో రంగురాళ్ళు పొదిగిన పని చూసినవారు ఇక్కడ చాలామంది ఉంటారు. అక్కడి కారీగర్లు ముందు రాతి బిళ్ళను అరగదీసి తయారు చేసుకుంటారు. ఆ బిళ్ళను పాలరాతి మీద పెట్టి, దాని చుట్టూ సూదిమొనతో గీత గీసి, ఆ గీత లోపల గుంట తొలుస్తారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. చేతిపనిలో బిళ్ళ ముందు, గుంట తరువాత. బిళ్ళ కాస్త వంకరగా వచ్చినా గుంట ఆ వంకరనే అనుసరిస్తుంది. రెండింటికీ పొత్తు కుదురుతుంది. యంత్రం పనిలో అలా కాదు. అక్కడ గుంట బిళ్ళను చూడదు, బిళ్ళ గుంటను చూడదు. రెండూ కంప్యూటరులోని ఒక బొమ్మను చూస్తాయి. బొమ్మ సరిగ్గా ఉండి, బిట్టు కొలత తప్పయితే రెండూ తప్పుతాయి. యంత్రం మీద ఇన్‌లే నేర్చుకునేవాడు మొట్టమొదట మనసులో పెట్టుకోవలసింది ఈ తేడా.

ఇక యంత్రం సంగతి. అంకెలు ఇచ్చి కోత యంత్రాన్ని నడిపించే పద్ధతిని అమెరికాలోని ఎం.ఐ.టి. సంస్థలో 1952లో చేసి చూపించారు. అప్పట్లో అది విమాన భాగాల కోసం. ఇప్పుడు మన బస్తీలలో తలుపులు, మంచాల పట్టీలు చెక్కే షాపుల్లో కూడా అది ఉన్నది. గిర్రున తిరిగే ఒక బిట్టు, దాన్ని ఎడమకు, కుడికి, ముందుకు, వెనక్కు, పైకి, కిందికి జరిపే మోటార్లు, ఎటు ఎంత జరగాలో చెప్పే అంకెల పట్టీ. అంతకన్నా మాయ ఏమీ లేదు. చెప్పినట్టు చేస్తుంది. చెప్పనిది చేయదు. చెక్క నార ఎటు పోతున్నదో దానికి తెలియదు. చెక్క తడిగా ఉందో, ఆరిందో తెలియదు. అవన్నీ మనకే తెలియాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బిట్టు గుండ్రంగా తిరుగుతుంది. గుండ్రంగా తిరిగేది పదునైన లోపలి మూలను కోయలేదు. ఇంత చిన్న మాట మీదనే ఈ పనిలోని పద్ధతులన్నీ ఆధారపడి ఉన్నాయి. లెక్కలో చెబుతాను. 3 మి.మీ. వ్యాసం ఉన్న బిట్టుతో చదరపు గుంట కోస్తే, ప్రతి మూలలో 1.5 మి.మీ. వ్యాసార్ధం గల గుండ్రం మిగులుతుంది. అసలు మూల బిందువు నుంచి ఆ గుండ్రం వరకు సుమారు 0.62 మి.మీ. చెక్క కోతపడకుండా ఉండిపోతుంది. 1 మి.మీ. బిట్టు వాడితే 0.21 మి.మీ. మిగులుతుంది. ఇది తొంభై డిగ్రీల మూల సంగతి. అయిదు కొనల నక్షత్రం తీసుకోండి. దాని కొన 36 డిగ్రీలే. అక్కడ 3 మి.మీ. బిట్టు కొనకు 3.35 మి.మీ. ముందే ఆగిపోతుంది. అంటే మూల ఎంత సన్నగా ఉంటే యంత్రం అంత ముందే చేతులెత్తేస్తుంది.

బిళ్ళకు కూడా ఇలాంటి కష్టమే ఉన్నది, కానీ తిరగబడి ఉంటుంది. బిళ్ళను బయటి నుంచి కోస్తాం గనుక కొనలు పదునుగా వస్తాయి. కొనకూ కొనకూ మధ్యనున్న లోయలు గుండ్రంగా వస్తాయి. గుంటలోనేమో లోయలు పదునుగా వచ్చి, కొనలు గుండ్రంగా వస్తాయి. ఇక బిళ్ళ గుంటలో దిగడం ఎలా? సుత్తితో కొడితే పలక చీలుతుంది. దీనికి మూడు దారులున్నాయి.

మొదటి దారి, బొమ్మనే మార్చడం. కంప్యూటరులో నక్షత్రం గీసేటప్పుడే కొనలనూ, లోయలనూ బిట్టు వ్యాసార్ధానికి తగ్గట్టు, లేదా దానికన్నా కాస్త పెద్దగా గుండ్రం చేయాలి. అదే బొమ్మతో గుంటా, బిళ్ళా కోయాలి. రెండూ కలుస్తాయి. ఆకులు, తీగలు, పూరేకులు ఉన్న నమూనాలకు ఈ దారి చక్కగా సరిపోతుంది. ఎందుకంటే వాటిలో పదును మూలలు తక్కువ. వంద బిళ్ళలు చేయవలసి వచ్చినా ఇదే దారి.

రెండో దారి, ఉలి. గుంట యంత్రం కోస్తుంది, మూల మనిషి కోస్తాడు. ముందు సన్న కత్తితో మూలలో రెండు గీతలు నిలువుగా దింపాలి. తరువాత వెడల్పు తక్కువ ఉలితో, మూల వైపు నుంచి మధ్యకు, మిగిలిన చెక్కను పొరలుగా తీయాలి. బిళ్ళ లోయలను కూడా అలాగే కత్తితో సరిచేయాలి. ఎనిమిది కొనల నక్షత్రం, అంటే రెండు చదరాలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా తిప్పి పెట్టిన బొమ్మ, మనవాళ్ళకు ఇష్టమైనది. దానికి ఎనిమిది కొనలు, ఎనిమిది లోయలు. చెయ్యి తిరిగిన మేస్త్రి కూర్చుంటే అది పెద్ద పనేమీ కాదు. చేయి తిరగనివాడు కూర్చుంటే పలక పాడవుతుంది.

మూడో దారి, వి ఆకారపు బిట్టు. దాన్ని గురించి తరువాత విడిగా చెబుతాను. ముందు నిలువు గోడల గుంటను ఏ వరుసలో కోయాలో చెప్పనివ్వండి.

ఒకటి, పలకను చదును చేయడం. పలక మధ్యలో అర మి.మీ. వంపు ఉంటే గుంట లోతులో కూడా అర మి.మీ. తేడా వస్తుంది. పలకను యంత్రం మీద గట్టిగా బిగించి, అదే యంత్రంతో పైపొరను చిత్రిక పట్టినట్టు తీసేయాలి. లోతుకు సున్నా ఎప్పుడూ పలక పైతలం నుంచే పెట్టాలి గాని, కింది బల్ల నుంచి కాదు.

రెండు, పెద్ద బిట్టుతో మధ్య భాగం తీయడం. 6 మి.మీ. బిట్టు మధ్యలోని చెక్కంతా త్వరగా తీసేస్తుంది. గోడల దగ్గర 0.2 లేదా 0.3 మి.మీ. చెక్క వదిలిపెట్టమని చెప్పాలి. ఆ తరువాత 2 లేదా 3 మి.మీ. చిన్న బిట్టుతో గోడ వెంట చివరి చుట్టు తిప్పాలి. మొత్తం గుంట చిన్న బిట్టుతోనే తీస్తే గంటలు గడుస్తాయి, బిట్టు కాగిపోతుంది. సన్న బిట్టుకు చెక్క ఒత్తిడికి కాస్త వంగే గుణం ఉన్నది. అందుకని చివరి చుట్టును అదే దారిలో రెండోసారి తిప్పండి. మొదటిసారి వంగి వదిలేసిన పలుచని పొర రెండోసారి పోతుంది.

మూడు, బిట్టు రకం. చెక్కపేళ్ళను పైకి లాగే బిట్టు ఒకటి, కిందికి నొక్కే బిట్టు ఒకటి ఉంటాయి. పైకి లాగేది గుంట అంచులో నార లేపుతుంది. ఇన్‌లే పనిలో అంచే ప్రాణం. కనుక అంచు దగ్గర కిందికి నొక్కే బిట్టు వాడాలి. అయితే అది పొట్టును గుంటలోనే కూరుతుంది, వేడెక్కుతుంది. అందువల్ల ఒక్కసారిగా లోతు దింపకూడదు. బిట్టు వ్యాసంలో సగానికి మించకుండా పొరలు పొరలుగా దింపాలి. నిట్టనిలువుగా గుచ్చడం కాకుండా ఏటవాలుగా దిగేలా దారి పెట్టాలి.

నాలుగు, బిళ్ళ కోయడం. చిన్న బిళ్ళ చివరి చుట్టులో ఊడి, బిట్టుకు తగిలి ఎగిరిపోతుంది. దీనికి ఒక ఉపాయం ఉన్నది. అడుగున 0.2 మి.మీ. పొర తెగకుండా వదిలేయండి. తరువాత చెక్కను తిరగేసి ఇసుక కాగితంతో వెనకవైపు అరగదీస్తే బిళ్ళలు వాటంతటవే విడిపోతాయి. వెనకవైపు ఎలాగూ గుంట అడుగుకు పోతుంది గనుక గరుకుగా ఉన్నా నష్టం లేదు.

అయిదు, సందు. గుంటా బిళ్ళా ఒకే కొలతకు కోస్తే బిళ్ళ దిగదు. జిగురుకు కూడా చోటు కావాలి. పక్కకు 0.05 నుంచి 0.1 మి.మీ. వరకు సందు ఇస్తే చాలు. దీన్ని ఎవరో చెప్పిన అంకెగా తీసుకోకండి, మీ యంత్రం మీద మీరే తేల్చుకోండి. ఎందుకో చెబుతాను. డబ్బా మీద 3 మి.మీ. అని ఉన్న బిట్టు నిజానికి 2.95 మి.మీ. ఉందనుకోండి. గుంట వెడల్పు 0.05 మి.మీ. తగ్గుతుంది. అదే బిట్టుతో కోసిన బిళ్ళ వెడల్పు 0.05 మి.మీ. పెరుగుతుంది. రెండూ కలిసి 0.1 మి.మీ. సందు మింగేస్తాయి. చేతిపనిలో ఒక తప్పు ఒక తప్పే. యంత్రం పనిలో ఒక తప్పు రెండవుతుంది. అందుకని పనికిరాని ముక్క మీద ఒకే బిళ్ళకు నాలుగు గుంటలు, ఒక్కొక్కటీ 0.05 మి.మీ. తేడాతో కోసి చూడండి. బొటనవేలితో నొక్కితే బిగుతుగా దిగేది ఏదో అదే మీ కొలత. ఆ ముక్క మీద బిట్టు పేరు, చెక్క పేరు, తేదీ రాసి గోడకు తగిలించండి. కొత్త బిట్టు వేసిన ప్రతిసారీ మళ్ళీ చూడండి.

ఆరు, లోతు. బిళ్ళ గుంట కంటే 0.3 నుంచి 0.5 మి.మీ. మందంగా ఉండి, పైకి లేచి ఉండాలి. జిగురు ఆరాక పైభాగాన్ని చిత్రికతోనో, ఇసుక కాగితంతోనో పలకతో సమానం చేయాలి. బిళ్ళ లోపలికి దిగిపోతే దాన్ని సమానం చేయడానికి పలకనంతా అరగదీయవలసి వస్తుంది. తక్కువ నష్టం ఏదో మీరే చెప్పగలరు.

ఇప్పుడు వి బిట్టు పద్ధతి. దీని కొన మొనదేలి ఉంటుంది. మూల దగ్గరకు పోయేకొద్దీ బిట్టు పైకి లేస్తుంది. పైకి లేచేకొద్దీ కోత సన్నబడుతుంది. అలా సన్నబడి సన్నబడి మూల బిందువు దగ్గర సూదిమొనలా ముగుస్తుంది. గుండ్రం మిగలదు. అక్షరాలు, నక్షత్రాలు, సన్నని లతలు పొదగడానికి ఇంతకు మించిన దారి లేదు. గుంట గోడలు ఏటవాలుగా ఉంటాయి గనుక బిళ్ళ గోడలు కూడా అదే ఏటవాలుతో, బొమ్మను అద్దంలో చూసినట్టు తిరగేసి కోయాలి. సీసాకు బిరడా బిగించినట్టు బిళ్ళ గుంటలో దిగి బిగుస్తుంది.

ఇందులో అంకెలు చాలామందికి తికమక కలిగిస్తాయి. 60 డిగ్రీల బిట్టుతో ఒక ఉదాహరణ చెబుతాను, రాసుకునేవారు రాసుకోండి. గుంట లోతు 5 మి.మీ. అనుకుందాం. బిళ్ళకు మొదలు లోతు 4 మి.మీ. అని, అక్కడి నుంచి ఇంకా 1.5 మి.మీ. లోతు కోయమని ఇస్తాం. మొదలు లోతు అంటే, బిళ్ళ చెక్క పైతలానికి 4 మి.మీ. కింద బొమ్మ అసలు కొలతకు వస్తుందన్నమాట. తిరగేసి గుంటలో పెట్టినప్పుడు ఆ కొలత వచ్చే చోటు పలక పైతలంతో కలుస్తుంది. అంటే బిళ్ళ 4 మి.మీ. లోపలికి దిగుతుంది. గుంట 5 మి.మీ. గనుక అడుగున 1 మి.మీ. ఖాళీ ఉంటుంది. మిగిలిన జిగురు అందులో చేరుతుంది. పైన బిళ్ళ వెనక చెక్కకూ పలకకూ మధ్య 1.5 మి.మీ. ఎడం ఉంటుంది. ఆ ఎడం ఉంటేనే బిళ్ళ ఆనకుండా పూర్తిగా దిగుతుంది. జిగురు ఆరాక ఆ ఎడంలో రంపం పెట్టి వెనక చెక్కను కోసేసి, పైన సమానం చేస్తాం.

ఈ పద్ధతిలో సుగుణం ఏమిటంటే, ఎక్కడైనా 0.1 మి.మీ. తేడా వస్తే బిళ్ళ ఆ కాస్త పైకో కిందికో కూర్చుంటుంది గాని, పక్కన సందు కనిపించదు. దోషం ఏమిటంటే, పైభాగం అరగదీసే కొద్దీ బొమ్మ చిన్నదవుతుంది. 60 డిగ్రీల బిట్టయితే అర మి.మీ. అరగదీస్తే ప్రతి అంచూ సుమారు 0.29 మి.మీ. లోపలికి జరుగుతుంది. 1 మి.మీ. వెడల్పు గీత లోతు 0.87 మి.మీ. మాత్రమే. ఉత్సాహంగా ఇసుక మిషను ఆడించారంటే ఆ గీత మాయమైపోతుంది. సన్న గీతలున్న బొమ్మకు చిత్రిక, గీకుడు రేకు, ఓపిక, ఈ మూడే మందు.

ఇక చెక్క స్వభావం. చెక్క నారకు అడ్డంగా పెరుగుతుంది, తగ్గుతుంది, నార వెంట దాదాపు కదలదు. వర్షాకాలంలో బిగిసే తలుపును అందరం చూశాం గదా. పచ్చి చెక్కలో ఎంత నేర్పుగా పొదిగినా ఎండాకాలం రాగానే గీత తెరుచుకుంటుంది. కనుక పలకా, బిళ్ళ చెక్కా ఒకే గదిలో కొన్నాళ్ళు ఉంచి ఆరనివ్వాలి. వీలైనంతవరకు రెండింటి నారా ఒకే దిక్కుకు ఉండేలా కోయాలి. మామూలు తెల్ల జిగురులో నీళ్ళుంటాయి. రాయగానే బిళ్ళ ఉబ్బుతుంది. గుంటలో పలుచగా రాసి, వెంటనే నొక్కి బిగించాలి. జిట్రేగికి, ఇత్తడికి రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ జిగురు మంచిది. ఇత్తడి అరగదీసేటప్పుడు వేడెక్కితే ఆ జిగురు కూడా వదిలేస్తుంది. కాబట్టి నిదానంగా చేయాలి. ఇంకో సంగతి, ఇత్తడి పొడి నల్లగా టేకు రంధ్రాలలోకి ఎక్కుతుంది. జిట్రేగి పొడి కూడా లేత రంగు చెక్కను మురికి చేస్తుంది. ముందుగా లక్క పాలిష్ ఒక పూత పూసి అరగదీస్తే ఈ బాధ ఉండదు. సందుల్లో రంపపు పొట్టూ జిగురూ కలిపి నింపి తప్పించుకోవచ్చని కొందరు అనుకుంటారు. కోతప్పుడు బాగానే ఉంటుంది. పాలిష్ పడ్డాక ఆ గీత నల్లగా లేచి, చూసేవాడి కంట్లో గుచ్చుకుంటుంది.

తల్లులు వింటున్నారు గనుక ఒక మాట గట్టిగా చెబుతున్నాను. చెక్క ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ చెక్క ధూళిని మనుషులకు క్యాన్సరు కలిగించే వాటి జాబితాలో చేర్చింది. జిట్రేగి ధూళికి చర్మం దద్దురులెక్కేవారున్నారు. ముత్యపు చిప్ప కోసేటప్పుడు వచ్చే పొడి కూడా మంచిది కాదు. మీ అబ్బాయి యంత్రం దగ్గర పనిచేస్తుంటే, మూతికి రుమాలు కాదు, సరైన మాస్కు ఉందా, ధూళి లాగే గొట్టం ఉందా, కళ్ళద్దాలు ఉన్నాయా అని అడగండి. మెడలో వేలాడే గుడ్డ, వదులు చేతుల చొక్కా ఆ దరిదాపులకు పోకూడదు. యంత్రం తిరుగుతుండగా పొట్టు తీయడానికి చెయ్యి పెట్టకూడదు. ఒక్క వేలు పోతే ఏ యంత్రమూ తిరిగి ఇవ్వదు.

చివరగా అసలు ఎందుకు ఈ విషయం ఎత్తుకున్నానో మనవి చేస్తాను. మన ఇళ్ళలో ఇప్పుడు ఒక వింత కనిపిస్తున్నది. తండ్రి చేతిలో ఉలి ఉన్నది, కొడుకు చేతిలో కంప్యూటరు ఉన్నది. తండ్రి “ఈ మిషను వచ్చి మా పొట్ట కొట్టింది” అంటాడు. కొడుకు “అబ్బా, మీ పని పాతబడింది, నాకు నేర్పవద్దు” అంటాడు. ఇద్దరూ ఒకే గదిలో రెండు పనులు చేస్తున్నామనుకుంటున్నారు. ఇంతసేపూ నేను చెప్పింది మళ్ళీ ఒకసారి తలచుకోండి. మధ్యలోని చెక్క తీయడంలో యంత్రంతో మనిషి పోటీపడలేడు, పడనవసరం కూడా లేదు. పలక ఎంపిక ఎవరిది? నార చూసేది ఎవరు? సందు ఎంత ఇవ్వాలో బొటనవేలితో తేల్చేది ఎవరు? మూల పదును చేసేది ఎవరు? ఎక్కడ ఆపి అరగదీయడం మానాలో తెలిసింది ఎవరికి? ఇవన్నీ ఉలి పట్టిన చేతికి తెలిసిన విద్యలు. ఉలి తెలియని పిల్లవాడు యంత్రం మీట నొక్కగలడు గాని, బిళ్ళ ఎందుకు దిగడం లేదో చెప్పలేడు. ఉలి తెలిసి యంత్రం తెలియని మేస్త్రికి చెప్పగలిగే నేర్పున్నా, అడిగేవాడు ఉండడు. రెండూ తెలిసిన ఇల్లు మాత్రం నిలబడుతుంది.

కూలి విషయంలో కూడా ఇది గుర్తుంచుకోవాలి. చాలాచోట్ల యంత్రం తిరిగిన గంటలకే లెక్క కడతారు. మూల తీసిన పూట, బిళ్ళ కూర్చిన పూట, అరగదీసి పాలిష్ పెట్టిన పూట లెక్కలోకి రావు. పని ఒప్పుకునే రోజునే కోత ఇంత, కూర్పు ఇంత, ముగింపు ఇంత అని విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. అడగనిదే ఎవరూ ఇవ్వరు. అడగడానికి మొహమాటం అవసరం లేదు, అది మీ హునరుకు వెల.

అప్పు తెచ్చి యంత్రం కొనాలనుకునే యువకులకు ఒక సలహా. తొందరపడవద్దు. ముందు ఎవరి షాపులోనైనా ఆరు నెలలు పనిచేయండి. యంత్రం ధర ఒక్కటే ఖర్చు కాదు. బిట్లు, కరెంటు, ధూళి లాగే సాధనం, మరమ్మతు, పాడైన పలకలు, వీటన్నిటినీ కలిపి లెక్క వేయండి. నెలకు ఎన్ని రోజుల పని చేతిలో ఉందో చూసుకొని అప్పుడు అప్పు మాట ఎత్తండి. బొమ్మ గీసే పనికి యంత్రం కూడా అక్కరలేదు, ఒక కంప్యూటరు చాలు. మన ఆడపిల్లల్లో గోరింటాకు నమూనాలు, కుట్టుపని నమూనాలు కళ్ళు మూసుకుని వేసేవారున్నారు. హైదరాబాదులో పైగా సమాధుల జాలీలు చూడండి, ఒక్కొక్క జాలీలో ఎన్ని నమూనాలు దొరుకుతాయో! వాటిని చూసి, బిట్టు వ్యాసార్ధం మనసులో పెట్టుకుని, కొనలు ఎంత సన్నగా ఉండవచ్చో తెలిసి గీసే పిల్ల ఇంట్లో కూర్చునే సంపాదించగలదు. ఆమెకు కూడా అన్న దగ్గర ఒక్కసారి గుంట కోయడం చూపించండి. చూడకుండా గీసిన బొమ్మ కాగితం మీద అందంగా ఉంటుంది, చెక్క మీద దిగదు.

పెద్దలకు నా విన్నపం ఒక్కటే. మీకు తెలిసిన ఉలి పనిని “పాతది” అని దాచుకోకండి. సెలవు రోజున పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, ఒక టేకు ముక్కలో ఒక మూల తీయించండి. పదునైన మూల ఎలా ఉంటుందో వాడి వేళ్ళకు తెలియనివ్వండి. ఆ తరువాత వాడు ఏ యంత్రం ముందు నిలబడ్డా, అది ఎక్కడ ఆగిపోతుందో, తాను ఎక్కడ మొదలుపెట్టాలో వాడికే తెలుస్తుంది.

 సమావేశం అయ్యాక అడగదలచుకున్నవారు నిస్సంకోచంగా అడగండి. నాలుగు గుంటలు కోసిన ముక్క, ఎనిమిది కొనల నక్షత్రం పొదిగిన పలక, బిళ్ళ తీసి పెట్టిన వి గుంట, మూడూ ఆ మూల బల్ల మీద ఉంచాను. చేత్తో పట్టుకుని చూడండి. పిల్లలను కూడా పట్టుకోనివ్వండి. సెలవు.